కడుపునొప్పి అన్నారు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఐదుగురున్నారు. ముందుగదిలో మామగారు, పేపరు వెనకాల. వంటింట్లో అత్తగారు, పొయ్యి దగ్గర కాదు, కుర్చీలో. పడకగదిలో భర్త, షాపు తెరవడానికి ఇంకా గంటన్నర ఉందని దుప్పటి ముసుగులో. వెనకగదిలో తోడికోడలు, మంగళవారం నుంచి కడుపునొప్పితో. సింకు దగ్గర ఆ ఇంటి పెద్దకోడలు, రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి, బూట్ల అచ్చులు ఇంకా పాదాల మీద ఉండగానే. మరిది ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాడు. సాయంత్రం బండికి దిగుతాడు.

రాత్రి భోజనాల గిన్నెలు సింకులో అలాగే ఉన్నాయి. ఆమె డ్యూటీ ముగించుకుని వచ్చే వేళకు ఆ ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసేవి అవే. కనీసం నీళ్ళు పోసి నానబెట్టమని అడగాలనుకోవడం కూడా మానేసి చాలా ఏళ్ళయింది. అడిగితే ఒక మాట వస్తుంది. ఆ మాటను రోజంతా మోయడం కంటే ఎండిన మెతుకులు గోటితో గీకడమే తేలిక.

ఆమె పదకొండేళ్ళుగా ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. లేబర్ రూమ్‌లోనే ఎక్కువగా వేస్తారు. ఆమె భర్తకు వీధి చివర మందుల షాపు ఉంది. జ్వరమన్నా దగ్గన్నా జనం ఆయన్నే అడుగుతారు. ఆయన చీటీ అడక్కుండా ఇస్తాడు. అలా అలా వీధిలో ఆయన డాక్టర్‌గారు అయిపోయాడు. ఆమెను అందరూ సిస్టర్ అంటారు. షాపు ముందు బల్ల మీద కూర్చునే ఆయన స్నేహితులకు ఇదొక సరదా. ఆమె మలుపు తిరిగి కనిపిస్తే చాలు, డాక్టర్‌గారూ, మీ సిస్టర్ వస్తోందండీ అంటారు. ఆయన వాళ్ళతో కలిసి నవ్వుతాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ జోకు ఒక్కసారైనా ఆయనకు పాతబడలేదు.

మంగళవారం సాయంత్రం చిన్నమ్మాయి కడుపు పట్టుకుని మంచం ఎక్కింది. పెళ్ళయి ఏడాదిన్నర అయినా ఇరవై మూడు నిండని పిల్ల. కోడలిగా వచ్చిన రోజు నుంచి ఇంట్లో అందరికీ చిన్నమ్మాయే. ఏమైందని పెద్దకోడలు అడిగింది. చిన్నమ్మాయి నోరు తెరిచేలోపే అత్తగారు జవాబు చెప్పింది, కడుపునొప్పి, తిన్నదేదో పడలేదు అని. నొప్పి ఎటువైపు అని అడిగితే, కడుపుకు వైపులేమిటమ్మా, అదేమన్నా వీధా అంది. నెలసరి సరిగ్గా వచ్చిందా అని అడిగితే, వచ్చింది, ఇప్పుడదే అంది. చిన్నమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తిరగడం మామూలుగా లేదని పెద్దకోడలికి అనిపించకపోలేదు. కానీ అప్పటికే డ్యూటీకి టైమవుతోంది, రాత్రికి కూర ఇంకా కాలేదు, పొద్దున్నే మామగారి చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వలేదని ఒక గొడవ అయి ఉంది. అనిపించినవాటన్నిటి వెంటా పోతే ఆ ఇంట్లో పనులు కావు.

ఇంటిల్లిపాది బట్టలూ ఉతికేది ఆమే. ఎవరి ఒంట్లో ఏం జరుగుతోందో నోళ్ళు చెప్పకపోయినా బట్టలు చెప్పేస్తాయి. గురువారం చిన్నమ్మాయి లంగా బకెట్లో నానబెడుతుంటే మరకలు కనిపించాయి. ఎర్రగా లేవు. నల్ల టీ ఒలికినట్టున్నాయి, అదీ చుక్కలు చుక్కలుగా. మూడో రోజు నెలసరి అలా ఉండదు. ఆ మాటే భర్తతో అంది. ఆయన ఫోను లోంచి తల ఎత్తలేదు.

"నీకు ప్రతి కడుపునొప్పీ లేబర్ రూమే. మాత్రలిచ్చాను, తగ్గుతుంది. నీ డ్యూటీ ఆసుపత్రిలో చెయ్యి, ఇంట్లో కాదు."

ఇంట్లో చేసేది డ్యూటీ కాకపోతే మరేమిటో ఆమె అడగలేదు. బకెట్ దగ్గరికి వెళ్ళి మరకలు రుద్దింది. తర్వాత ఎన్నిసార్లో ఆమె ఈ గురువారం దగ్గరికే తిరిగి వచ్చింది. చేతిలో బట్ట ఉంది, కళ్ళ ముందు మరక ఉంది, చదువూ, పదకొండేళ్ళ పనీ తలలో ఉన్నాయి. అన్నీ ఉండి కూడా రుద్దింది, పిండింది, ఆరేసింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున అత్తగారు కుర్చీలోంచే చెప్పింది, చిన్నమ్మాయికి భుజం పట్టేసింది, అడ్డదిడ్డంగా పడుకుని ఉంటుంది, ఆ గిన్నెలు కాగానే కాస్త నొప్పుల మందు రాసిపెట్టు అని. పెద్దకోడలు చేతులు తుడుచుకుని మందు సీసా తీసుకుని వెనకగదిలోకి వెళ్ళింది. చిన్నమ్మాయి మూడు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకోవచ్చు కదా అంటే, పడుకుంటే భుజం పొడుస్తోందక్కా, లేచి నిలబడదామంటే కళ్ళు తిరుగుతున్నాయి అంది. ఆ చెప్పిన నాలుగు ముక్కలకే ఆయాసపడింది.

పెద్దకోడలు మందు అరచేతిలో వేసుకుని భుజం మీద పెట్టింది. చర్మం చల్లగా, తడిగా ఉంది. కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతోంది, గదిలో ఫ్యాను కూడా లేదు. ఆ ఎండలో ఆ చల్లదనం ఏమిటి? భుజం ఎక్కడ నొప్పి అని అడిగితే చిన్నమ్మాయి వేలితో చూపించింది. కండ మీద కాదు, మెడ పక్కన కాదు. భుజం చివర, చొక్కాకు చెయ్యి అతికే చోట.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆమె కొత్తగా లేబర్ రూమ్‌లో చేరినప్పుడు ఒక పెద్ద సిస్టర్ ఉండేది. రిటైరవడానికి ఏడాది మిగిలిన మనిషి, పుస్తకాల మాటలు మాట్లాడేది కాదు. "పొట్టలో నెత్తురు నిండితే భుజం ఏడుస్తుంది. భుజానికి మందు రాసేదానంత వెర్రిది లోకంలో లేదు" అనేది. పెద్దకోడలు తన అరచేతిలో మెరుస్తున్న మందు చూసుకుంది.

మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూసింది. నాడి నిమిషానికి నూట ఇరవై ఎనిమిది. అదీ దారంలా సన్నగా, వేలి కింద దొరికీ దొరకనట్టు. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్ల కాగితంలా ఉంది. పొట్ట మీద చెయ్యి ఆనించగానే ఆ పిల్ల పళ్ళు బిగబట్టింది. కింద, ఎడమవైపు.

"చిన్నమ్మాయ్, నా వైపు చూడు. నీకు నెల తప్పిందా?"

చిన్నమ్మాయి ఆమెవైపు కాక గుమ్మంవైపు చూసింది. అక్కడ అత్తగారు నిలబడి ఉంది. నెలసరి వచ్చిందని ఆవేళే చెప్పానుగా అంది. పెద్దకోడలు వెనక్కి తిరిగి, అత్తయ్యా, కాస్త వేడినీళ్ళు కావాలి, పెట్టి తెస్తారా అంది. వేడినీళ్ళతో ఆమెకు పనేమీ లేదు. తొమ్మిదేళ్ళలో అత్తగారికి ఆమె పని చెప్పడం అదే మొదటిసారి. ఆ విడ్డూరానికే కాబోలు, ఆవిడ మారుమాట లేకుండా కదిలి వెళ్ళింది.

"తప్పిందక్కా. ఎనిమిది రోజులు దాటాక చూశాం. రెండు గీతలొచ్చాయి."

"చూశాం అంటే?"

"బావగారే షాపులోంచి పరీక్ష కిట్టు తెచ్చిచ్చారు. పద్దెనిమిది రోజులైంది. మంగళవారం మరకలు కనబడగానే పోయిందిలే అన్నారు అత్తయ్య. మళ్ళీ వస్తుంది, ఎవరికీ చెప్పకు అన్నారు."

"నాకెందుకు చెప్పలేదు?"

చిన్నమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకే చెప్పద్దన్నారక్కా. మిగతా అందరికీ తెలుసు. నీ కళ్ళు పడతాయని. నన్ను తిట్టుకోకు."

తిట్టుకోవడానికి టైము లేదు. అయినా మనసు అంత వేగంగా నడుస్తున్నప్పుడు అన్నిటికీ అందులో చోటు ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులుగా ఆమె గదిలోకి రాగానే మాటలు తెగిపోవడం, ఎన్నడూ లేనిది భర్త సంచిలో పళ్ళు తేవడం, అవి నేరుగా వెనకగదిలోకి వెళ్ళడం, మేడ మీద అద్దెకుండే ఆవిడ మెట్ల మీద ఎదురై ఏదో అడగబోయి నాలుక కరుచుకోవడం. మేడ మీది ఆవిడకూ తెలుసు. పక్కన పడుకుని గురకపెట్టిన మనిషికి తెలుసు. మరకల సంగతి చెప్తే, తెలిసి తెలిసి, లేబర్ రూమే అని వెటకారం చేశాడు. పైగా నెలసరి మాట తప్పిస్తే వాళ్ళకు అబద్ధం ఆడే అవసరం కూడా పెద్దగా రాలేదు. కడుపునొప్పి అన్నారు. ఆకలేసేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే. ఆమె ఒక కడుపు అనుకుంది, వాళ్ళు ఇంకో కడుపు గురించి మాట్లాడారు. ఆ ఒక్క మాట చాటున ఐదు రోజులు ఒక ప్రాణాన్ని దాచారు, అదీ ఎవరి నుంచి? ఈ ఊళ్ళో పుట్టిన పిల్లల్లో ఎంతమందిని కన్నతల్లి కంటే ముందు చూసింది ఈ కళ్ళే. అమ్మాయో అబ్బాయో చెప్పమని తల్లులు ఈ మొహంవైపే చూస్తారు. బొడ్డు కోసింది, నోట్లో ఉమ్మనీరు తీసింది, ఏడవని వాళ్ళను ఏడిపించింది. ఒక్కరికీ తగలని దిష్టి ఇంట్లో పిల్లకే తగులుతుందా? తనకు పిల్లలెందుకు లేరో కూడా ఎవరికీ తెలియదు. ఆమె పరీక్షలన్నీ మూడుసార్లు చేయించుకుంది, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఆయనను ఒక్కసారి రమ్మంటే, షాపు కట్టేసి రావాలా అన్నాడు. అక్కడితో ఆ సంగతి అయిపోయింది. గొడ్రాలు అన్న మాటకు మాత్రం ఏ పరీక్షా అక్కర్లేకపోయింది.

దిండు కింద మాత్రల అట్టలున్నాయి. మూడు రకాలు. మొదటిది కడుపు నిలవడానికి, అది సగంలోనే ఆగింది, రెండోది నెత్తురు ఆగడానికి, మూడోది నొప్పి తెలియకుండా ఉండటానికి. ఆ మూడోది గట్టిది. ఐదు రోజులూ నొప్పి గట్టిగా అరవకుండా నోరు నొక్కింది అదే. అట్టలు మూడూ యూనిఫాం జేబులో పెట్టుకుని, చిన్నమ్మాయిని మంచం దిగవద్దని చెప్పి బయటికి వచ్చింది.

భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. ఒక బుగ్గ మీద నురగ, ఒక బుగ్గ నున్నగా. ఆమె చెప్పవలసింది వీలైనంత నెమ్మదిగా చెప్పింది. బిడ్డ గర్భసంచిలో పడలేదు. దాని పక్కన ఉండే గొట్టంలో పడింది. ఆ గొట్టం పుల్లంత లావు ఉంటుంది, బిడ్డ పెరిగితే చిట్లుతుంది, ఇప్పుడు చిట్లింది. నెత్తురంతా పొట్టలోకి పోతోంది కాబట్టి బయటికి చుక్కలే కనిపిస్తున్నాయి. ఇప్పుడే తీసుకెళ్ళాలి, కారు తియ్యండి.

ఆయన రేజరు నీళ్ళలో జాడించాడు. అయిపోయిందేదో అయిపోయింది, మిగిలింది దానంతటదే పోతుంది, ఇలాంటివి షాపులో రోజుకు పది వింటాను అన్నాడు. భుజం నొప్పి సంగతి చెప్తే నవ్వాడు.

"కడుపు ఎక్కడ, భుజం ఎక్కడ? స్కాన్ తీశావా? గొట్టం చిట్లడం నీ కళ్ళతో నువ్వు చూశావా?"

అత్తగారు వేడినీళ్ళ గిన్నె పట్టుకుని వచ్చి మధ్యలో నిలబడింది. సాయంత్రం వాడు రానీ అంది. మొగుడు ఊళ్ళో లేకుండా ఆసుపత్రికి మోసుకెళ్తే రేపు వాడికేం చెప్పాలి, అందులోనూ నువ్వు పనిచేసే ఆసుపత్రికి, అక్కడ ఆయా దగ్గర్నుంచి అందరికీ తెలిసిపోదూ అంది. సాయంత్రందాకా ఉండదు అత్తయ్యా అని పెద్దకోడలు అంటే, ఆవిడ గిన్నె కింద పెట్టేసింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోట్లోంచి ఒక్క మంచిమాట రాదేమమ్మా? అందుకే నీకు చెప్పద్దన్నాను."

చెప్పద్దన్నది తనేనని ఒప్పుకున్నట్టు కూడా ఆవిడకు తెలియలేదు. కొడుకువైపు తిరిగి ఇంకేదో అనబోతుండగా వెనకగదిలో ధన్‌మని చప్పుడైంది.

దిగవద్దన్నా బాత్రూమ్‌కు వెళ్దామని లేచినట్టుంది. గుమ్మానికి అడ్డంగా పడిపోయి ఉంది. పెదవులకూ మొహానికీ రంగులో తేడా లేదు. పెద్దకోడలు నేల మీదే ఆమెను వెల్లకిలా తిప్పి, దిండ్లు మూడూ కాళ్ళ కింద పెట్టింది. ఒక చేత్తో నాడి పట్టుకుని ఇంకో చేత్తో ఆసుపత్రికి ఫోను చేసింది. ఏమని చెప్పాలో ఆ పనిలో ఉన్నవాళ్ళకు నాలుగు మాటలు చాలు. గొట్టంలో గర్భం, చిట్లింది, స్పృహ పోయి వస్తోంది, నెత్తురు రెడీ పెట్టండి. అవతలి సిస్టర్ అంబులెన్సు పంపడానికి అడ్రసు అడిగింది. తన ఇంటి అడ్రసు చెప్తుంటే, అది నీ ఇల్లు కదా అక్కా అంది. అవును అంది ఆమె.

భర్త సగం నురగతోనే గుమ్మంలో నిలబడి, నీరసం అంతే, గ్లూకోజు కలిపి ఇవ్వమ్మా అని తల్లికి చెప్పాడు. అత్తగారు గ్లాసు తెచ్చి చిన్నమ్మాయి పెదవులకు ఆనించబోయింది. పెద్దకోడలు ఆ గ్లాసు ఆవిడ చేతిలోంచి లాక్కుని దూరంగా పెట్టింది. ఆపరేషన్ చెయ్యాల్సిన మనిషి, చుక్క నీళ్ళు కూడా పోయకూడదు అంది. ఆపరేషన్ అన్న మాట విని అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నా అయితే బాధ్యత నీది" అన్నాడు భర్త.

"నాదే. గుమ్మంలోంచి తప్పుకోండి."

అంబులెన్సు రావడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది. ఆ పద్దెనిమిది నిమిషాలూ ఆమె నేల మీదే కూర్చుంది. ఆసుపత్రిలో ఇలాంటి మనిషి వస్తే ఆమె చేతులు వాటంతటవే పనిచేస్తాయి. సూది, సెలైన్, రక్తం పరీక్ష, సంతకాలు. ఇక్కడ చేతుల్లో ఏమీ లేదు. నాడి లెక్కపెట్టడం, మళ్ళీ లెక్కపెట్టడం. నూట ముప్ఫై ఆరు. వేలి కింద అది జారిపోయినప్పుడల్లా తన గుండె చప్పుడునే నాడి అనుకుని మోసపోతున్నానేమోనని భయం. అరిచి ఏడవాలనిపించింది. ఎవరి మీద పడి ఏడవాలి? చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఆమె మొహం చూస్తున్నారు, ఆ మొహంలో ఏం కనబడితే అదే నిజమన్నట్టు. స్ట్రెచరు లోపలికి వచ్చినప్పుడు మామగారు పేపరు మడిచి, లేచి, తన కుర్చీ దారికి అడ్డం లేకుండా పక్కకు జరిపారు. ఆ పొద్దున ఆ ఇంట్లో ఆమెకు అందిన సాయం అదొక్కటే.

అంబులెన్సులో ఎదురుగా అత్తగారు కూర్చుంది. చిన్నమ్మాయికి మధ్యమధ్యలో తెలివి వస్తోంది. చచ్చిపోతానా అక్కా అని అడిగింది. ఇలా అడిగినవాళ్ళకు పదకొండేళ్ళుగా, ఛ, అవేం మాటలు అని చెప్పడం అలవాటే. ఇప్పుడు ఆ మాట అనకుండా ఆ పిల్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"కళ్ళు ముయ్యకు. నా కళ్ళలోకి చూస్తూ ఉండు. ఎక్కడికీ చూడకు, నా కళ్ళలోకే చూడు."

అత్తగారు కిటికీవైపు తిరిగింది. ఆ పిల్ల చూస్తూనే ఉంది. దారి పొడవునా, మూత పడుతున్న రెప్పల్ని ఎత్తి ఎత్తి చూసింది.

ఆసుపత్రిలో బీపీ ఎనభై బై యాభై. డాక్టరమ్మ పొట్ట మీద స్కాను పెట్టిన అర నిమిషానికి తలెత్తి, థియేటర్ అంది. గర్భసంచి ఖాళీ, పొట్ట నిండా నెత్తురు. రెండు చేతులకూ రెండు సూదులు పడ్డాయి. నెత్తురు సంచీ కోసం ఒకరు పరుగెత్తారు. తన కారులో వెనకే వచ్చిన భర్త అప్పటికి లోపలికి వచ్చాడు. ఒక బుగ్గ గీసి ఉంది, ఒక బుగ్గ గీయలేదు. చొక్కా మాత్రం ఇస్త్రీది. ఎన్నాళ్ళ నుంచి నొప్పి అని డాక్టరమ్మ అడిగితే, మామూలు కడుపునొప్పే మేడమ్, ఇవాళ పొద్దున్నే ఎక్కువైంది, వెంటనే తీసుకొచ్చేశాం అన్నాడు. ఏమన్నా మందులు వాడారా అంటే, లేదండీ, ఒకటో రెండో గ్యాసు మాత్రలు అన్నాడు.

పెద్దకోడలు జేబులోంచి మూడు అట్టలూ తీసి బల్ల మీద పెట్టింది. మంగళవారం నుంచి మేడమ్ అంది. డాక్టరమ్మ అట్టలు తిప్పి చూసింది. పేర్లు కాగితం మీద రాసుకుంది. తర్వాత కళ్ళద్దాల మీదుగా ఆమెవైపు చూసింది. కోపిష్టి మనిషి కాదు. ఆమెతో పాటు ఎన్నో రాత్రుళ్ళు నిలబడి పనిచేసిన మనిషి. అందుకే ఆ చూపు భరించడం కష్టమైంది.

"ఇంట్లో నువ్వుండగా ఐదు రోజులేమిటి సిస్టర్? నువ్వెలా కనిపెట్టలేదు?"

సెలైన్ కట్టే జూనియర్ ఆగింది. స్ట్రెచరు తోసే ఆయా ఆగింది. భర్త గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు ఆమెకు బాగా తెలుసు. నువ్వు ఊరుకో, ఇది నీ మీద వేసుకో, ఇంటికెళ్ళాక చూసుకుందాం అని దాని అర్థం. వేసుకోవడం ఎంత తేలికో కూడా ఆమెకు తెలుసు. పనిలో పడి చూసుకోలేదు మేడమ్ అంటే అయిపోతుంది. మంచి మాట అవుతుంది, ఇంటి పరువు నిలబడుతుంది, సాయంత్రం గిన్నెలు మామూలుగా సింకులో ఉంటాయి. మాడిన కూర, పోయిన తాళంచెవి, పుట్టని పిల్లలు, అన్నీ అలాగే కదా తన మీద వేసుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట. పైగా అందులో సగం నిజం ఉంది, గురువారం బకెట్ ముందు కూర్చున్నంత నిజం.

"అనుమానం వచ్చింది మేడమ్. గట్టిగా అడగలేదు. అది నా తప్పే" అంది. అని, ఆగకుండా చెప్పింది. "కానీ కడుపుతో ఉందని నాకు చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క నాకు తప్ప. పిల్లలు లేనిదాన్ని కదా, నా కళ్ళు పడతాయని దాచారు. ఈయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ మందులు ఇచ్చింది ఈయనే. అది కూడా రాయండి."

 జూనియర్ తల దించుకుని సెలైన్ చుక్కలు సరిచేసింది. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, కాగితం మీద ఇంకో రెండు వాక్యాలు రాసింది. అత్తగారు ముందుకు వచ్చి, గొట్టం తీసేస్తే మళ్ళీ కడుపు పండదేమోనమ్మా, మందులతో ఆపలేరా, వాళ్ళాయన వచ్చేదాకా అంది. రెండో గొట్టం ఉంది, ముందు మనిషి ఉండాలి కదా అంది డాక్టరమ్మ. సంతకం ఎవరు చెయ్యాలని భర్త అడిగాడు. ప్రాణం ఎవరిదో వాళ్ళు అని డాక్టరమ్మ చెప్పి, కాగితం చిన్నమ్మాయి ముందే పెట్టింది. పెద్దకోడలు కాగితం కింద అట్ట పట్టుకుంది. మూడక్షరాల పేరు రాయడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది. చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది.

థియేటర్ ముందు బెంచీల మీద గంటన్నర. భర్త అటూ ఇటూ తిరిగి, చివరికి ఆమె ముందు ఆగాడు. గొంతు తగ్గించి, నా షాపు మూయిస్తావా, నలుగురిలో బట్టలిప్పి నిలబెట్టావు, ఇంటికి రా చెప్తాను అన్నాడు. ఇంటికి రా చెప్తాను. ఆ మాటకు ఇన్నేళ్ళూ ఆమె భయపడుతూ వచ్చింది. ఎందుకంటే చెప్పేది ఏమిటో తెలియకపోయినా వెళ్ళడం మాత్రం తప్పదని తెలుసు. వెళ్ళడం తప్పదని ఎవరు చెప్పారు? ఈ ఆసుపత్రి మేడ మీద నర్సుల గదుల్లో ఒక మంచం మూడు నెలలుగా ఖాళీగా ఉంది. దాని మీద పరుపు కూడా ఉంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో.

"రాను" అంది.

ఆయనకు వినబడనట్టుంది. ఏమిటీ అన్నాడు.  ఆమె థియేటర్ తలుపు పైన వెలుగుతున్న ఎర్రలైటు వైపు చూస్తూ కూర్చుంది. ఆ లైటు ఆరేదాకా ఆమెకు ఇల్లూ లేదు, మొగుడూ లేడు. ఒక నాడి ఉంది, అదీ ఇప్పుడు ఎవరో వేరేవాళ్ళ వేళ్ళ కింద.

లీటరున్నర నెత్తురు తీశామని డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. ఎడమ గొట్టం తీసేశారు, కుడిది బాగుంది, మూడు సంచుల రక్తం ఎక్కింది, నిలబడింది. ఇంకో గంట ఆగి ఉంటే అని, తర్వాతి మాట చెప్పకుండా వెళ్ళిపోయింది. అత్తగారు గోడకు తల ఆనించి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. పెద్దకోడలు కూడా ఏడుద్దామనుకుంది. కళ్ళు తడి కాలేదు. ఇరవై నాలుగు గంటలుగా నిద్ర లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం చిన్నమ్మాయిని పక్కనున్న చిన్న గదిలోకి మార్చారు. పెద్దకోడలు వెళ్ళేసరికి మత్తు వదులుతోంది. పెదవుల్లో కొంచెం రంగు వచ్చింది. అలవాటుగా ముందు నాడి చూసింది. తొంభై ఆరు. కట్టు చూసింది, మూత్రం సంచీ చూసింది, దుప్పటి సర్దింది. మంచం అవతలివైపు అత్తగారు స్టూలు మీద కూర్చుని ఆమె చేతుల్నే కనిపెట్టి చూస్తోంది.

"ఏం తీసేశారక్కా?" అని అడిగింది చిన్నమ్మాయి.

వార్డులో ఇలాంటి ప్రశ్నకు జవాబు ఇంటివాళ్ళ మొహాలు చూసి చెప్తారు. పెద్దకోడలు ఎవరి మొహమూ చూడలేదు. ఒక గొట్టం తీసేశారని, రెండోది బాగుందని చెప్పింది.

"మళ్ళీ వస్తుందా?"

"రావచ్చు. చాలామందికి వచ్చింది, నేను చూశాను. కానీ ఈసారి మొదట్నుంచే జాగ్రత్తగా ఉండాలి. ఒక్కరోజు తప్పినా సరే, మీ ఆయనకంటే ముందు, ఇంట్లో అందరికంటే ముందు నాకు చెప్పు. నేనెక్కడున్నా ఫోను చెయ్యి."

చిన్నమ్మాయి ఎండిపోయిన పెదవులు తడుపుకుంది. మత్తులో ఉన్నవాళ్ళు మాట పెగల్చడానికి ఎంత కష్టపడతారో ఆమెకు తెలుసు.

"మొదట నీకేనక్కా" అంది.

అత్తగారు లేచింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి పెద్దకోడలి మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు, పిల్లల్ని గది దాటించినట్టు నడిపించుకుంటూ గుమ్మందాకా తెచ్చింది. దీనికి ఇంకో నర్సును పంపించు, నువ్వు రాకు అంది. లోపల్నుంచి చిన్నమ్మాయి అక్కా అని పిలుస్తూనే ఉంది. పెద్దకోడలు ఆ పిలుపుకు ఊఁ అని పలికింది, లోపలికి వినబడేలా పలికింది. అత్తగారు ఆమె కళ్ళలోకి మాత్రం చూడకుండా తలుపు వేసింది.